దేశం మాటెలా ఉన్నా మా కంపెనీకి ఢోకా లేదా?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తున్నాను. ఆర్థిక వ్యవస్థ మందగిస్తుందని చెప్పే కంపెనీల అధిపతులే తమ సంస్థ మాత్రం పెరుగుతుందంటారని చదివాను. మా యజమానిదీ అదే ధీమా. నా పొదుపు సొమ్ము పెట్టి యూనిట్‌లో వాటా తీసుకోమంటున్నారు. ఆయన మాటను ఎంతవరకు నమ్మవచ్చునంటారు?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు చదివింది నిజమే. 2023 జనవరిలో పీడబ్ల్యూసీ అనే అంతర్జాతీయ ఆడిటింగ్, సలహా సంస్థ వెలువరించిన సర్వేలో, 4,410 మంది అధిపతులలో 73 శాతం మంది ప్రపంచ వృద్ధి తగ్గుతుందన్నారు. తమ సంస్థ ఆదాయం పెరుగుతుందని గట్టిగా నమ్మినవారు 42 శాతం. ఈ రెండూ కలిపితే నూరు దాటుతుంది కాబట్టి, కనీసం నూటికి పదిహేను మంది రెండు మాటలూ ఒకేసారి చెప్పారన్నమాట.

అందులో అబద్ధమేమీ లేదు. వడ్డీ రేట్లు, యుద్ధాలు, సుంకాలు మీ యజమాని చేతిలో లేనివి, పత్రికల ద్వారా తెలిసేవి. సొంత యూనిట్ మాత్రం రోజూ కళ్లెదుట కనిపించేది, కష్టమొస్తే ఖర్చు తగ్గించో కొత్త కొనుగోలుదారును వెతికో గట్టెక్కించగలనని అనిపించేది. అయితే పక్క యూనిట్ యజమాని కూడా అదే కొనుగోలుదారు కోసం అదే ప్రయత్నం చేస్తున్నాడన్న సంగతి ఈ లెక్కలోకి రాదు. చెడ్డ ఏడాదిలోనూ కొందరు బాగుపడతారు గానీ, అందరూ ఆ కొందరిలో ఉండలేరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, నెల్లూరు వైపు చెరువును కంటికి రెప్పలా చూసుకున్న రొయ్యల రైతును, చూసుకోని రైతును ఆ సుంకం వేరు చేసి చూడలేదు.

కనుక ఆయన ధీమాను పక్కన పెట్టి, మీ చేతిలోనే ఉన్న పుస్తకాలు చూడండి. చేతిలో ఉన్న ఆర్డర్లలో అడ్వాన్సు అందినవి ఎన్ని, మూడు నెలలు దాటినా వసూలు కాని బాకీ ఎంత, అందులో ఒకే కొనుగోలుదారుది ఎంత? యార్డులోకి వెళ్లి, నిలబెట్టిన శ్లాబుల మీది లాటు నంబర్లను కిందటేటి స్టాకు పుస్తకంతో పోల్చండి. పాత నంబర్లే దుమ్ము పట్టి కనిపిస్తే, అమ్మకాలు పెరుగుతాయన్న మాటకు ఆధారం అడగడం మీ హక్కు.

ఇవన్నీ బాగున్నాయనిపించినా, యూనిట్ భాగస్వామ్య సంస్థగా నడుస్తోందా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయా అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి. భాగస్వామ్య సంస్థ అయితే, 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, మీరు భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన అప్పులకు, మీ వాటా ఎంత చిన్నదైనా, మీ సొంత ఇల్లూ పొలమూ కూడా పూచీ పడవలసి వస్తుంది.