ఖగోళం, మీ ప్రశ్నలు: పటంలో ఒకచోట, ఆకాశంలో మరొకచోట

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. నాభ్యంతరం ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్‌ను, కోరిన నక్షత్రం వైపు తానే తిరిగే మోటారు మౌంట్‌తో (టెలిస్కోప్‌ను మోసే పీఠంతో) సహా కొన్నాము. మే నెలలో రాత్రి ఎనిమిదిన్నరకు మేడ మీద ల్యాప్‌టాప్‌లో ఆకాశ పటం చూపే స్టెల్లారియం సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెర మీద పట్టపగలు కనిపించింది. ఊరి పేరు మార్చాక అది సర్దుకుంది. అయితే మౌంట్‌ను నడిపే హ్యాండ్‌సెట్‌లో ఎలైన్‌మెంట్ (తెలిసిన నక్షత్రాలను చూపి మౌంట్‌కు దిశలు నేర్పడం) మొదలుపెట్టి స్వాతి నక్షత్రాన్ని ఎంచుకుంటే టెలిస్కోప్ దానికి బాగా పడమరగా ఆగిపోతోంది. ఎలాగో చేత్తో సరిచేసి ఎలైన్‌మెంట్ ముగించాక, హ్యాండ్‌సెట్ నుంచి పంపితే వస్తువు ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యలోకి వస్తోంది గానీ, అదే వస్తువును స్టెల్లారియం నుంచి పంపితే అంచుకు పోతోంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందా? తీసేసి మళ్లీ వేసుకోమంటారా?

జవాబు: మళ్లీ వేసుకోనక్కరలేదు. మీరు రాసినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పొరపాట్లు. మూడూ ఒకే రాత్రి ఎదురుకావడం వల్ల సాఫ్ట్‌వేర్ మీద అనుమానం కలిగింది. అందులో ఏదీ చెడిపోలేదు.

మొదటిది స్థానం. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబియన్ షెరో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్, తానెక్కడుందో తెలియనప్పుడు పారిస్‌లో ఉన్నాననే అనుకుంటుంది. మే నెలలో మనకు రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు పారిస్‌లో సాయంత్రం ఐదు గంటలే కాబట్టి, మీకు కనిపించిన పట్టపగలు అక్కడి ఎండ. ఎఫ్6 నొక్కితే వచ్చే పెట్టెలో మీరు ఊరి పేరు మార్చారు, సంతోషం. అక్కడే టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని ఉందో లేదో కూడా చూడండి. నెట్‌వర్క్ ద్వారా స్థానం తెలుసుకోమనే గడిలో టిక్కు ఉంటే తీసేయండి. ఆ పద్ధతిలో దొరికేది మీ ఇంటి చిరునామా కాదు, మీ ఇంటర్నెట్ కనెక్షన్ ఏ నగరం పేరిట నమోదైందో ఆ నగరం. కర్నూలులో కూర్చున్నవారిని అది హైదరాబాదులో ఉన్నట్టు చూపవచ్చు. ఆ రెండు నగరాల అక్షాంశాల మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీ. అది కంటికి పెద్దగా తెలియదు, రెండు నక్షత్రాల ఎలైన్‌మెంట్‌లో చాలావరకు కలిసిపోతుంది కూడా. అయినా 15.83 ఉత్తరం, 78.04 తూర్పు అని ఒకసారి చేత్తో నింపి, దాన్నే శాశ్వత స్థానంగా ఎంచుకుంటే మళ్లీ ఆ ఆలోచనే ఉండదు.

రెండవది కాలం. ఇందులో మీరు రాసిన ఒక చిన్న మాట, టెలిస్కోప్ పడమరగా ఆగుతోందన్నది, నాకు చాలా ఉపయోగపడింది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే అరగంటకు ఏడున్నర డిగ్రీలు. మన కాలం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. హ్యాండ్‌సెట్‌లో ఆ ‘అర’ను వదిలేసి ఐదు గంటలని ఇచ్చి ఉంటే, అసలు గ్రీనిచ్ కాలం కన్నా అరగంట ఎక్కువైందని యంత్రం లెక్క వేసుకుని, స్వాతి అప్పటికే పడమరకు జరిగిపోయి ఉంటుందని నమ్మి, అక్కడికే పోయి నిలబడుతుంది. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు. మీ తేడా పిడికిలి కన్నా కాస్త తక్కువగా ఉంటే కారణం ఇదేనని నిశ్చయంగా చెప్పవచ్చు. మీ హ్యాండ్‌సెట్ అరగంటల టైమ్ జోన్‌ను ఒప్పుకోని రకమైతే, జోన్ దగ్గర సున్నా ఇచ్చి, గడియారం దగ్గర మన కాలంలోంచి ఐదున్నర గంటలు తీసేసిన కాలాన్ని ఇవ్వండి. తెల్లవారుజామున ఐదున్నరకు ముందు చూసేటట్లయితే తేదీని కూడా ఒకరోజు వెనక్కి జరపడం మరవకండి.

తేదీ ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట. ఈ హ్యాండ్‌సెట్లలో చాలావాటికి నెల ముందు, రోజు తరువాత ఇవ్వాలి. జులై 5ను మనం రాసుకునే వరుసలో ఇస్తే అది మే 7 అవుతుంది. రెండు నెలల తేడా అంటే ఆకాశంలో దాదాపు 58 డిగ్రీలు. తారీఖు 12 దాటితే యంత్రమే ఒప్పుకోదు కాబట్టి ఈ పొరపాటు నెల మొదటి పన్నెండు రోజుల్లోనే జరుగుతుంది, పట్టుకోవడం కష్టమయ్యేది కూడా అందుకే.

ఇక మూడవది, ఐపీస్ అంచుకు పోయే తేడా. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది ఇదే. భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల నక్షత్రాల నిరూపకాలు (ఆకాశంలో వాటి స్థానం తెలిపే అంకెలు) ఏటా దాదాపు 50.3 కోణ సెకన్లు జరుగుతుంటాయి. మన పంచాంగకర్తలు అయనాంశ పేరుతో లెక్కలోకి తీసుకునేది ఈ చలనాన్నే. నేడది 24 డిగ్రీల పైన ఉంది. నక్షత్ర పట్టికలు 2000 సంవత్సరాన్ని ప్రమాణంగా తీసుకుని నిరూపకాలు ఇస్తాయి, దీనిని జే2000 అంటారు. చాలా మౌంట్లు మాత్రం ఈనాటి నిరూపకాలను, అంటే జేనౌను ఆశిస్తాయి. స్టెల్లారియం 2000 నాటి లెక్క చెబుతుండగా మౌంట్ దానిని నేటి లెక్కగా వింటే, పాతికేళ్లలో పేరుకున్న తేడా దాదాపు 21 కోణ నిమిషాలు, చంద్రబింబం వెడల్పులో మూడింట రెండు వంతులు. మీ టెలిస్కోప్‌లో 25 మి.మీ. ఐపీస్ పెడితే దాదాపు రెండు డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది కనుక ఈ తేడాను పట్టించుకోరు, 10 మి.మీ. ఐపీస్‌లో కనిపించేది ముప్పావు డిగ్రీయే కాబట్టి వస్తువు సరిగ్గా అంచు మీద నిలుస్తుంది. ఇంకా చిన్న ఐపీస్‌లో అసలు కనిపించదు. స్టెల్లారియంలోని టెలిస్కోప్ కంట్రోల్ ప్లగిన్‌లో మీ టెలిస్కోప్ వివరాలు తెరిస్తే ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకునే వీలుంది. మామూలుగా జే2000 ఎంచుకుని ఉంటుంది. జేనౌకు మార్చి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రంతో పరీక్షించండి. తేడా పోకుండా పెరిగితే కారణం ఇది కాదని అర్థం, వెనక్కి మార్చేయండి.

ప్రశ్న: విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నిన్నటిదాకా ల్యాప్‌టాప్‌తో చక్కగా మాట్లాడిన మౌంట్ ఇవాళ పోర్టు తెరుచుకోలేదని చెబుతోంది. సెట్టింగులు ఏమీ మార్చలేదు. ఏం చేయాలి?

జవాబు: కేబుల్‌ను నిన్న పెట్టిన యూఎస్‌బీ రంధ్రంలోనే పెట్టారా? వేరే దానిలో పెడితే విండోస్ చాలాసార్లు కొత్త కామ్ నంబరు (పోర్టును గుర్తించే సంఖ్య) ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ పాపం పాత నంబరు తలుపే తడుతూ ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్టుల వరుస తెరిచి, కేబుల్ పీకి మళ్లీ పెట్టి, ఏ నంబరు మాయమై తిరిగి వచ్చిందో చూడండి. అదే మీది. రంధ్రం పక్కన రంగు స్టిక్కరు అంటించుకుంటే ఈ తంటా మళ్లీ రాదు.

నంబరు సరిగానే ఉంటే, ఆ పోర్టును మరొక ప్రోగ్రామ్ పట్టుకుని ఉందేమో చూడండి. ఒక కామ్ పోర్టును ఒకేసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు. పటానికొకటి, ఫొటోలకొకటి కలిపి నడపాలనుకుంటే, ఖగోళ పరికరాలను ప్రోగ్రాములతో కలిపే ఆస్కామ్ ప్లాట్‌ఫామ్‌నూ మీ మౌంట్‌కు తగిన డ్రైవరునూ వేసుకుని, రెండు ప్రోగ్రాములనూ దాని ద్వారానే కలపాలి.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే అది చాలావరకు కేబుల్‌లోని చిప్ సమస్యే. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే పీఎల్2303 చిప్పుల్లో పాతవాటినీ నకిలీవాటినీ కొత్త డ్రైవర్లు కావాలనే తిరస్కరిస్తాయి. ఆ రకం ఉత్పత్తి 2012లోనే ఆగిపోయిందని, అమ్మినవారిని సంప్రదించమని పరికరం పేరు ఉండాల్సిన చోటే రాసి చూపిస్తాయి. పాత డ్రైవరు వెతికి వేసుకోవచ్చు గానీ, విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అదే కథ మొదలవుతుంది. కేబుల్ మార్చడమే మేలని నా అభిప్రాయం. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: హ్యాండ్‌సెట్‌కు పెట్టే కేబుల్ వేరు, నేరుగా మౌంట్‌కు పెట్టే కేబుల్ వేరు. మౌంట్ పోర్టు తక్కువ వోల్టేజికి తయారైనది. పాత తరహా సీరియల్ కేబుల్‌ను దానికి గుచ్చితే లోపలి బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్‌లో స్టెల్లారియం తెరుచుకోగానే మూసుకుపోతోంది. (నిజామాబాద్ నుంచి ఒక గృహిణి)

జవాబు: ఇది దాదాపు ఎప్పుడూ గ్రాఫిక్స్ వల్లనే వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఓపెన్‌జీఎల్ అనే సౌకర్యం తగినంత కొత్తది కావాలి. ముందు ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటు నుంచి గ్రాఫిక్స్ డ్రైవరు తెచ్చి వేయండి. అప్పటికీ కుదరకపోతే పాత వెర్షన్ ఒకటి వేసుకుని, స్టార్ట్ మెనూలో దాని పేరు పక్కన ఆంగిల్ మోడ్ అనో మెసా మోడ్ అనో ఉన్నదానితో తెరవండి. మెసా మోడ్ నెమ్మదిగా నడుస్తుంది, కానీ నడుస్తుంది. గ్రహాలూ నక్షత్రాలూ గుర్తుపట్టడానికి పాత వెర్షన్‌తో మీకు వచ్చే లోటేమీ లేదు.

ప్రశ్న: ఐపీస్‌లో కనిపించే నక్షత్రాల అమరిక తెరమీది పటంతో ఎంత తిప్పినా సరిపోవడం లేదు. మాది కటకంతో చేసిన చిన్న టెలిస్కోప్. (తెనాలి నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: మెడ వంచకుండా చూడటానికి మీరు మధ్యలో పెట్టే వాలు అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది. అద్దంలో అక్షరాలు తిరగబడినట్టే కనుక పటాన్ని ఎంత తిప్పినా కలవదు. స్టెల్లారియంలో కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి హెచ్ నొక్కండి, పటం కూడా కుడి ఎడమలు మారుతుంది. ఆ తరువాత ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తే అమరిక కుదురుతుంది. న్యూటోనియన్ ఉన్నవారికి ఇది అవసరం లేదు, వారికి బొమ్మ తలకిందులవుతుందే తప్ప తారుమారు కాదు కాబట్టి పటాన్ని తిప్పితే చాలు. పని అయ్యాక అవే మీటలు మళ్లీ నొక్కి పటాన్ని మామూలుగా చేయండి.