క్యాడ్ సందేహాలు: తెగాల్సిన గీత తెగనప్పుడు

ప్రశ్న: ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) మిల్లీమీటర్లలో ఇంటి ప్లాన్ గీస్తున్నాను. పైన వచ్చే బీమ్‌ను డాష్డ్ లైన్‌టైప్‌లో, అంటే తునకలుగా తెగే గీత రకంలో పెట్టాను. ప్రాపర్టీస్‌లో డాష్డ్ అనే ఉంది కానీ తెర మీద నిండు గీతే కనిపిస్తోంది. బాగా జూమ్ చేస్తే తునకలు కనబడుతున్నాయి. లైన్‌టైప్ మళ్లీ లోడ్ చేసినా అంతే.

జవాబు: జూమ్ చేస్తే తునకలు కనబడ్డాయంటే లైన్‌టైప్ సరిగానే ఉంది, దాని కొలతే మీ డ్రాయింగ్‌కు మరీ చిన్నది. మెట్రిక్ లైన్‌టైప్ ఫైల్ అకాడ్‌ఐసోలో (acadiso.lin) డాష్డ్ అంటే 12.7 గీత, 6.35 ఖాళీ. రెండూ కలిపి ఒక వరస 19.05 యూనిట్లు. మీ బీమ్ 6 మీటర్లనుకుంటే 6000 యూనిట్లు, అందులో దాదాపు 315 వరసలు పడతాయి. ఆ బీమ్ తెర మీద వెయ్యి పిక్సెళ్ల మేర ఉంటే ఒక్కో వరసకు దక్కేవి మూడు పిక్సెళ్లు, ఖాళీకి ఒక్కటే. కన్ను దాన్ని పట్టుకోలేదు.

డ్రాయింగ్‌లోని లైన్‌టైప్‌లన్నిటి కొలతనూ ఒకేసారి గుణించే ఎల్‌టీస్కేల్ (LTSCALE) కమాండ్ మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి 20 ఇవ్వండి. గీత 254, ఖాళీ 127 అవుతాయి. మోడల్ (అసలు కొలతల్లో గీసే చోటు) నుంచే 1:50లో ప్లాట్ తీస్తే, అంటే ప్రింట్ చేస్తే కాగితం మీద సుమారు 5 మి.మీ. గీత, 2.5 మి.మీ. ఖాళీ వస్తాయి. చదవడానికి హాయిగా ఉండే కొలత అది. 50 పెట్టేస్తే కాగితం మీద 12.7 మి.మీ. తునకలు వస్తాయి, చిన్న గోడల దగ్గర మోటుగా ఉంటాయి.

ఒకవేళ 20 పెట్టినా గీత నిండుగానే ఉంటే, లోడైంది అంగుళాల ఫైల్ అకాడ్ అయి ఉండొచ్చు. అందులో డాష్డ్ కొలతలు 0.5, 0.25 మాత్రమే. మెజర్‌మెంట్ వేరియబుల్‌ను (సెట్టింగ్) 1 చేసి, అకాడ్‌ఐసో ఫైల్ నుంచి డాష్డ్‌ను మళ్లీ లోడ్ చేయండి. వేరియబుల్ మార్చినంత మాత్రాన డ్రాయింగ్‌లో అప్పటికే ఉన్న లైన్‌టైప్ మారదు.

ప్రశ్న: మోడల్‌లో ఎల్‌టీస్కేల్ 20 పెడితే గీతలు చక్కగా తెగుతున్నాయి. లేఅవుట్‌లోకి (ప్రింట్‌కు కాగితంలా అమర్చుకునే పేజీ) వెళ్తే 1:50 వ్యూపోర్ట్‌లో (ఆ పేజీ మీద మోడల్‌ను చూపే కిటికీ) అన్నీ నిండు గీతలే. లేఅవుట్‌కు సరిచేస్తే మోడల్ చెడిపోతోంది. రెండిటికీ కుదిరే సంఖ్య ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. దానికి ముందు లేఅవుట్‌లో ఏం జరుగుతోందో చూడండి. పీఎస్‌ఎల్‌టీస్కేల్ (PSLTSCALE) అనే సెట్టింగ్ 1గా ఉంటే (మామూలుగా అలాగే ఉంటుంది) వ్యూపోర్ట్‌లో లైన్‌టైప్ కొలత కాగితం యూనిట్లలో పడుతుంది. అంటే మీ 254 నేరుగా కాగితం మీది 254 మిల్లీమీటర్లు, ఖాళీతో కలిపి వరస 381. మీ 6 మీటర్ల బీమ్ 1:50లో కాగితం మీద 120 మి.మీ. మాత్రమే. ఒక్క వరస కూడా పట్టని గీతను ఆటోక్యాడ్ ఈ చివరి నుంచి ఆ చివరికి నిండుగా గీసేస్తుంది. మొదటి ప్రశ్నలో ప్యాటర్న్ మరీ చిన్నదైంది, ఇక్కడ మరీ పెద్దదైంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే ఇంత తికమక.

ఎల్‌టీస్కేల్ 0.4 చేయండి. పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, మోడల్‌లో లైన్‌టైప్‌ను అనొటేషన్ స్కేల్‌తో గుణించే ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ (MSLTSCALE) 1 ఉంచండి. మోడల్‌లో కింద కుడివైపున్న అనొటేషన్ స్కేల్‌ను 1:50కి మార్చండి. మోడల్‌లో 0.4 × 50, అంటే మీ పాత 20 దానంతటదే వస్తుంది. లేఅవుట్‌లో 12.7 × 0.4, అంటే 5 మి.మీ. గీత వస్తుంది. వివరాల కోసం పక్కనే 1:20 వ్యూపోర్ట్ పెట్టినా అందులోనూ అదే 5 మి.మీ. ఉంటుంది. ఈ పద్ధతిని నేను గట్టిగా సిఫారసు చేస్తాను, స్కేలు మారినప్పుడల్లా లెక్కలు వేసుకునే బాధ తప్పుతుంది.

మార్పులు చేశాక తెరను తిరిగి గీయించే రీజెన్‌ఆల్ (REGENALL) కమాండ్ ఇవ్వడం మరవద్దు. అది ఇవ్వక, తెర మీద పాత రూపమే ఉండడం చూసి సంఖ్యలు మార్చుకుంటూ పోయేవారు చాలామంది. పీఎస్‌ఎల్‌టీస్కేల్ విలువను ప్రతి లేఅవుట్‌లోకీ వెళ్లి విడిగా చూసుకోండి. ఎక్స్‌రెఫ్‌గా (బయటి ఫైల్‌ను జతచేసి) తెచ్చిన డ్రాయింగ్‌లకు వాటి సొంత ఎల్‌టీస్కేల్ వర్తించదు, మీరు తెరిచి ఉంచిన డ్రాయింగ్‌దే నడుస్తుంది.

ప్రశ్న: మిగతా గీతలన్నీ బాగున్నాయి. సర్వే నుంచి వచ్చిన వంకర సరిహద్దు పాలీలైన్ (ముక్కలన్నీ కలిసి ఒకే వస్తువైన గీత) ఒక్కటే కొన్నిచోట్ల తెగి, కొన్నిచోట్ల నిండుగా ఉంది. ఎల్‌టీస్కేల్ తగ్గించాలా?

జవాబు: దాన్ని ముట్టుకోవద్దు, బాగున్నవి చెడతాయి. పాలీలైన్‌లో ప్యాటర్న్ ప్రతి వెర్టెక్స్ (ముక్కలు కలిసే బిందువు) దగ్గరా కొత్తగా మొదలవుతుంది. వంపుల్లో వెర్టెక్స్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్కో ముక్కలో వరస పట్టదు, ఆ ముక్క నిండిపోతుంది. పాలీలైన్‌ను ఎంచుకుని ప్రాపర్టీస్‌లో లైన్‌టైప్ జనరేషన్‌ను ఎనేబుల్డ్ చేయండి, ప్యాటర్న్ మొత్తం పొడవునా ఆగకుండా సాగుతుంది. ఇకపై గీసే వాటికి ప్లైన్‌జెన్ (PLINEGEN) వేరియబుల్‌ను 1 చేస్తే చాలు. దీర్ఘచతురస్రాలకు మాత్రం ఇది ఆపి ఉంచడమే మేలు. లేకపోతే మూల సరిగ్గా ఖాళీలో పడి, మూలే లేనట్టు కనిపిస్తుంది.

ఈ సెట్టింగ్ వెడల్పు క్రమంగా మారే ముక్కలున్న పాలీలైన్‌కు పనిచేయదు. సరిహద్దు అసలు పాలీలైనే కాక విడి లైన్లుగా ఉంటే ముందు జాయిన్‌తో కలపండి. అయినా తెగకపోతే ఒకదాని మీద ఒకటి రెండు గీతలున్నాయేమో చూడండి, ఒకదాని ఖాళీని రెండోది పూడ్చేస్తుంది. ఓవర్‌కిల్ కమాండ్ ఆ నకళ్లను తీసేస్తుంది.

ఇవేవీ కాకపోతే ఆ వస్తువు సొంత లైన్‌టైప్ స్కేల్‌ను ప్రాపర్టీస్‌లో చూడండి. అది ఎల్‌టీస్కేల్‌తో గుణించబడుతుంది. కొత్తగా గీసినవన్నీ తేడాగా వస్తుంటే ఎవరో కొత్త వస్తువులకు స్కేలు ఇచ్చే సీఈఎల్‌టీస్కేల్‌ను (CELTSCALE) మార్చి వదిలేశారన్నమాట. దాన్ని తిరిగి 1 చేయండి. చిన్న భాగాలకు సన్నని తునకలు కావాలంటే ఒక్కో వస్తువు స్కేలు మార్చేకంటే సగం కొలతలుండే డాష్డ్2 వాడండి. ఏది ఎందుకు చిన్నగా ఉందో పేరు చూడగానే తెలుస్తుంది.

ప్రశ్న: ప్రమాణాల ప్రకారం డాష్ ఎంత పొడవుండాలి? సొంతంగా లైన్‌టైప్ రాసుకోవచ్చా?

జవాబు: డ్రాయింగ్ గీతల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 128 పద్ధతిలో తునక గీత మందానికి 12 రెట్లు, ఖాళీ 3 రెట్లు. 0.25 మి.మీ. మందానికి 3 మి.మీ. తునక, 0.75 ఖాళీ. లేఅవుట్‌లో ఎల్‌టీస్కేల్ 1తో సరిగ్గా ఇదే కావాలంటే నోట్‌ప్యాడ్‌లో రెండు వరుసలు రాయండి. మొదటి వరుసలో నక్షత్రం గుర్తు, వెంటనే పేరు, కామా, వివరణ. రెండో వరుసలో పెద్ద అక్షరం ఎ, కామా, 3, కామా, మైనస్ 0.75. ధన సంఖ్య గీత, రుణ సంఖ్య ఖాళీ, సున్నా చుక్క. ఒక లైన్‌టైప్‌లో 12 సంఖ్యల వరకే రాయొచ్చు. ఫైల్‌ను లిన్ (.lin) ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్ చివర తన టీఎక్స్‌టీని (.txt) తగిలిస్తే లోడ్ జాబితాలో ఆ ఫైల్ కనిపించదు. తర్వాత కొలతలు మార్చితే లైన్‌టైప్ కమాండ్‌లో మళ్లీ లోడ్ చేసి, రీలోడ్ చేయాలా అని అడిగినప్పుడు ఔనని చెప్పాలి.