రంధ్రం లోపలి గోడ గురించి అమ్మడికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. ఎలక్ట్రానిక్స్‌లో వాడే మల్టీలేయర్ సర్క్యూట్ బోర్డులు (రాగి గీతల పొరలు ఒకదాని మీద ఒకటి అతికించినవి) చేసే చోట చేరితే డిజైన్‌లో వేస్తారనుకున్నావు, వాళ్ళేమో బోర్డుకి రంధ్రాలు వేసే డ్రిల్లింగ్, వాటి గోడలకి రాగి పూత పట్టించే ప్లేటింగ్ వైపు పంపారు. "కంప్యూటర్ ముందు కూర్చుంటాననుకుంటే కెమికల్ వాసనలో నిలబెట్టారు పెదనాన్నా" అని రాశావు. నవ్వొచ్చింది. నేనూ మొదటి నెలంతా మొహం మాడ్చుకునే తిరిగాను. తర్వాత ఆ విభాగం వదిలి రమ్మన్నా రాలేదు.

డిజైన్ వాళ్ళు పొరల మీద ఎంత అందంగా గీతలు గీసినా, ఒక పొర నుంచి ఇంకో పొరకి కరెంటు వెళ్ళాల్సింది నీ చేతిలో తయారయ్యే ఆ సన్నటి రంధ్రం గోడ మీదుగానే. అలాంటి రాగి పూసిన రంధ్రాన్నే వయా అంటారు. ఒక్కో బోర్డులో అవి వేలల్లో ఉండొచ్చు. వాటిలో ఒక్కటి తెగినా మొత్తం బోర్డు పక్కన పడేయాల్సిందే. పైగా ఆ గోడ కంటికి కనపడదు. ఈ పనిలో కష్టమంతా అదే.

ముందు ఒక లెక్క చెప్తాను, దీన్ని మనసులో పెట్టుకో. మామూలు ఎఫ్‌ఆర్-4 బోర్డు, అంటే గాజు బట్టని ఎపాక్సీ అనే రెజిన్‌తో గట్టిపరిచి చేసినది, 1.6 మి.మీ. మందం ఉందనుకో. గాజు బట్ట అడ్డంగా, నిలువుగా పట్టి ఉంచుతుంది కాబట్టి బోర్డు ఆ దిశల్లో పెద్దగా వ్యాకోచించదు. మందం దిశలో మాత్రం ఆపేవాళ్ళు లేరు. సోల్డరింగ్ కోసం 260 డిగ్రీల దాకా వేడి చేసినప్పుడు, మెత్తబడే ఉష్ణోగ్రత తక్కువగా ఉన్న రకమైతే ఆ దిశలో సుమారు 60 మైక్రాన్లు ఉబ్బుతుంది. రంధ్రం గోడ మీది రాగి పూత ఒక గొట్టం లాంటిది, అంతే పొడవున్న ఆ గొట్టం తనంతట తాను పెరిగేది 6, 7 మైక్రాన్లే. మిగతా లాగుడంతా ఆ గొట్టం భరించాలి. దాని గోడ మందం ఎంతో తెలుసా? బోర్డుల నాణ్యతకి పరిశ్రమ పాటించే ఐపీసీ-6012 ప్రమాణం క్లాస్ 2 బోర్డుకి సగటున 20 మైక్రాన్లు, ఇంకా నమ్మకంగా పనిచేయాల్సిన క్లాస్ 3కి 25 మైక్రాన్లు అడుగుతుంది. తల వెంట్రుక కంటే పలచన. "ఇంకో రెండు మైక్రాన్లు తగ్గితే ఏమైంది" అని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకో.

ఇక డ్రిల్లింగ్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ప్లేటింగ్ వాళ్ళు మోసే నిందల్లో సగానికి పైగా నిజానికి ఇక్కడ పుట్టినవే. 0.3 మి.మీ. కార్బైడ్ బిట్ నిమిషానికి లక్ష చుట్లకి పైనే తిరుగుతుంది. బిట్ పదునుగా ఉంటే కోస్తుంది, మొద్దుబారితే రుద్దుతుంది. రుద్దితే వేడి. వేడికి ఎపాక్సీ మెత్తబడి, లోపలి పొరల రాగి అంచుల మీద మరకలా పూసుకుపోతుంది. దాన్నే స్మియర్ అంటారు. ఆ అంచునే నీ ప్లేటింగ్ రాగి పట్టుకోవాలి. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటే ఇంకేం పట్టుకుంటుంది?

కాబట్టి ఏ బిట్ ఎన్ని రంధ్రాలు వేసింది అన్న లెక్క నీ దగ్గర ఉండాలి. మెషిన్ లెక్క పెడుతుంది కదా అని వదిలేయకు. మళ్ళీ సానబట్టిన బిట్‌కి కొత్తదానంత ఆయుష్షు ఉండదు, దాని లెక్క వేరు. ఫీడ్ (బిట్ కిందికి దిగే వేగం) తగ్గిస్తే బిట్ విరగదు, క్షేమం అనుకుంటారు కొత్తవాళ్ళు. తగ్గించినకొద్దీ బిట్ ఒకే చోట ఎక్కువసేపు రుద్దుతుంది, స్మియర్ ఇంకా పెరుగుతుంది. పైన వేసే అల్యూమినియం రేకు, కింద పెట్టే బ్యాకప్ బోర్డు, ఖర్చు తగ్గించుకుందామని కోత పెట్టాల్సినవి కావు. రేకు బిట్ జారకుండా చూస్తుంది, కింది బోర్డు బర్ (రంధ్రం అంచున లేచే రాగి ముళ్ళు) రాకుండా చూస్తుంది. వాడేసిన బ్యాకప్ బోర్డునే తిప్పి మళ్ళీ వాడమని ఎవరైనా అంటే వినకు. పాత రంధ్రం మీద కొత్త రంధ్రం పడితే అక్కడ ఆనిక ఉండదు.

ఇంకో సంగతి. పొరల్ని కలిపి అతికించే లామినేషన్ ప్రెస్‌లో వేడికీ ఒత్తిడికీ లోపలి పొరలు కొంచెం కుంచించుకుంటాయి. అందుకే ఎక్స్‌రేతో లోపలి గుర్తులు చూసి, ఆ ప్యానెల్ (పని జరిగే పెద్ద పలక) కొలతకి తగ్గట్టు డ్రిల్ ప్రోగ్రాంని సరిచేస్తారు. ఆ సర్దుబాటు అంకెలు రోజూ రాసి పెట్టుకో. ఒక లాటులో అవి ఉన్నట్టుండి మారాయంటే తప్పు డ్రిల్‌ది కాదు, ప్రెస్‌లోనో, పొరల మధ్య పెట్టే రెజిన్ పట్టిన గాజు బట్ట ప్రీప్రెగ్‌లోనో ఏదో మారింది.

తర్వాత డీస్మియర్, అంటే ఆ స్మియర్‌ని తీసేయడం. మూడు మెట్లు. ముందు స్వెల్లర్ అనే ద్రావణం రెజిన్‌ని ఉబ్బిస్తుంది. తర్వాత సుమారు 80 డిగ్రీల దగ్గర క్షారంతో కలిసిన పర్మాంగనేట్ ఆ ఉబ్బిన రెజిన్‌ని తినేస్తుంది. చివర్లో న్యూట్రలైజర్ మిగిలిన మాంగనీస్‌ని కడిగేస్తుంది. సరిగ్గా జరిగితే రెజిన్ ఉపరితలం మైక్రోస్కోప్ కింద తేనెపట్టులా గుంతలు గుంతలుగా కనపడుతుంది, ఆ గుంతలే తర్వాత రాగికి పట్టునిస్తాయి. తక్కువైతే స్మియర్ మిగిలిపోతుంది. ఎక్కువైతే గాజు పోగులు బయటికి పొడుచుకొస్తాయి, వాటి వెంట రాగి లోపలికి పాకుతుంది, పక్క పక్క వయాల మధ్య దూరం తక్కువున్న చోట అది షార్ట్‌కి దారి తీస్తుంది. రెండిటి మధ్య సరైన చోటు తెలియాలంటే ఒకే దారి ఉంది. రాగి లేని చిన్న ముక్కని తూచి, లైన్‌లో పంపి, ఆరబెట్టి మళ్ళీ తూచు. ఎంత బరువు తగ్గిందో అదే జవాబు. ద్రావణం రంగు చూసి "బాగానే ఉంది" అనేవాళ్ళ మాట నమ్మకు. నేనూ చాలా ఏళ్ళు రంగు చూసే చెప్పాను, నాలుగుసార్లకి ఒకసారి తప్పయ్యేది. పాలిమైడ్, టెఫ్లాన్ లాంటి మెటీరియల్స్‌కి మాత్రం మామూలుగా ప్లాస్మా వాడతారు, పర్మాంగనేట్ ఒక్కదానితో వాటి పని సరిగ్గా కాదు.

గోడ శుభ్రమైంది. కానీ గాజు మీద, ఎపాక్సీ మీద కరెంటు పారదు కదా, ప్లేటింగ్ ఎలా ఎక్కుతుంది? అందుకే కరెంటు లేకుండానే రాగి ఎక్కించే ఎలక్ట్రోలెస్ కాపర్. కండిషనర్ గాజు స్వభావాన్ని మారుస్తుంది, దాని మీద పల్లాడియం-తగరం కణాలు అతుక్కుంటాయి, యాక్సిలరేటర్ తగరాన్ని తీసేసి పల్లాడియంని బయటపెడుతుంది, అక్కడ ఫార్మాల్డిహైడ్ సాయంతో రాగి పేరుకుంటుంది. ఇంత చేస్తే వచ్చేది అర మైక్రాన్ లోపే. ఈ చర్యలో హైడ్రోజన్ బుడగలు పుడతాయి. సన్నటి రంధ్రంలో ఒక్క బుడగ ఇరుక్కుంటే అక్కడ రాగి ఎక్కదు. ట్యాంకులో ప్యానెల్స్ తగిలించిన రాక్ కదులుతూ ఉండటం, మధ్య మధ్యలో వైబ్రేటర్ కొట్టడం అందుకే. రాత్రి షిఫ్ట్‌లో చప్పుడు ఎక్కువగా ఉందని వైబ్రేటర్ కట్టేసిన మనిషిని చూశాను. పొద్దున మేమంతా కలిసి వాయిడ్లు (రాగి ఎక్కని ఖాళీలు) లెక్కపెట్టాం.

పూత నిండుగా ఎక్కిందో లేదో చూడటానికి బ్యాక్‌లైట్ పరీక్ష ఉంది. రంధ్రాల వరసని మధ్యకి కోసి, వెనక నుంచి లైట్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. వెలుతురు చుక్కలు కనపడితే అక్కడ రాగి లేనట్టు. పది నిమిషాల పని, ప్రతి షిఫ్ట్‌లోనూ చెయ్యి. మీ దగ్గర ఎలక్ట్రోలెస్ బదులు కార్బన్‌తో నేరుగా చేసే లైన్ ఉంటే, లోపలి రాగి అంచుల మీద పడ్డ కార్బన్‌ని మైక్రోఎచ్ (రాగి పైపొరని కొద్దిగా కరిగించే ద్రావణం) పూర్తిగా తీసేస్తోందా అన్నదే నీ మొదటి ప్రశ్న కావాలి.

తర్వాత కరెంటు పంపి అసలు మందం ఎక్కించే ఎలక్ట్రోప్లేటింగ్. ఇక్కడ లెక్క సులువు. చదరపు డెసీమీటర్‌కి 1 ఆంపియర్ చొప్పున గంటసేపు పంపితే సుమారు 13 మైక్రాన్ల రాగి ఎక్కుతుంది. 2 ఆంపియర్లయితే 25 మైక్రాన్లకి గంట కంటే కాస్త తక్కువ. కానీ అది ప్యానెల్ పైన. రంధ్రం నడుమకి అంత చేరదు. కరెంటు ఎప్పుడూ దగ్గరి దారి చూసుకుంటుంది, రంధ్రం మూతి దగ్గర మందంగా పేరుకుని లోపల పలచగా వదిలేస్తుంది. బోర్డు మందాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే యాస్పెక్ట్ రేషియో పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. 1.6 మి.మీ. బోర్డులో 0.2 మి.మీ. రంధ్రం అంటే 8కి 1, శ్రద్ధగా చేస్తే వస్తుంది. 10 దాటితే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అప్పుడు కరెంటు తగ్గించి ఎక్కువసేపు ఉంచు, లేదా కరెంటు దిశని మధ్య మధ్యలో క్షణకాలం తిప్పే పల్స్ రివర్స్ రెక్టిఫయర్ ఉంటే అది వాడు. ఎంత తొందరలో ఉన్నా కరెంటు పెంచి టైమ్ మిగుల్చుకోవాలని చూడకు.

బాత్‌లో, అంటే ప్లేటింగ్ ట్యాంకు ద్రావణంలో, రాగి, ఆమ్లం, కొన్ని పదుల పీపీఎం (పది లక్షల్లో వంతులు) క్లోరైడ్, వాటితో పాటు పూత తీరుని సరిచేసే అడిటివ్‌లు బ్రైటెనర్, సప్రెసర్, లెవెలర్ ఉంటాయి. వీటి మోతాదు గురించి సప్లయర్ ఇచ్చే షీట్ చాలు, నేను వేరే చెప్పేదేమీ లేదు. ఒకటి మాత్రం, హల్ సెల్ (చిన్న తొట్టిలో ఒక రేకుకి ప్లేటింగ్ చేసి చూసే పరీక్ష) వేయకుండా మెరుపునిచ్చే బ్రైటెనర్ పోయకు. మెరుపు ఎక్కువైన రాగి చూడ్డానికి బాగుంటుంది, వేడికి పెళుసుగా విరుగుతుంది.

లేజర్‌తో వేసే మైక్రోవయాలు (మరీ చిన్న వయాలు) నీకు ఇప్పుడే ఇవ్వరు. ఇచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఒకదాని మీద ఒకటి పేర్చిన వాటికంటే మెట్లలా పక్కకి జరిపిన మైక్రోవయాలు వేడిని బాగా తట్టుకుంటాయని మాత్రం డిజైన్ వాళ్ళ చెవిన వేస్తూ ఉండు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ఒక లాటు మా దగ్గర ఎలక్ట్రికల్ టెస్ట్ అంతా పాసైంది. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, కస్టమర్ దగ్గర సోల్డరింగ్ అయ్యాక వరసగా ఓపెన్లు, అంటే కనెక్షన్ తెగిన చోట్లు. చల్లగా ఉంటే కనెక్షన్ ఉంది, వేడెక్కితే లేదు. నేను బాత్‌నే అనుమానించాను. మూడు వారాలు బాత్‌ని శుభ్రం చేసే కార్బన్ ట్రీట్‌మెంట్, కొత్త అడిటివ్‌లు, రాగి యానోడ్లకి తొడిగే కొత్త సంచులు. అంతా దండగ. చివరికి పాపం కొత్తగా చేరిన ల్యాబ్ కుర్రాడు కూపన్ (పరీక్ష కోసం ప్యానెల్ అంచున వదిలే ముక్క) కోసి చూపించాడు. లోపలి పొర రాగికీ, ప్లేటింగ్ రాగికీ మధ్య సన్నటి నల్ల గీత. స్మియర్. సానబట్టిన బిట్లు కొత్త బిట్ల డబ్బాలో కలిసిపోయాయి. రెండు రాగి ముఖాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు కరెంటు పారింది, బోర్డు ఉబ్బగానే విడిపోయాయి. టెన్షన్‌తో నిద్రపట్టని ఆ మూడు వారాల్లో నేను ఒక్కసారి కూడా డ్రిల్ గదిలోకి వెళ్ళలేదు.

అందుకని మైక్రోసెక్షన్, అంటే రంధ్రాన్ని నిలువుగా కోసి మైక్రోస్కోప్‌లో చూడటం, నీ చేతితో చెయ్యడం నేర్చుకో. వేరేవాళ్ళు చేసిచ్చిన ఫోటో చూసి సరిపెట్టుకోకు. కూపన్‌ని 288 డిగ్రీల సోల్డర్ మీద 10 సెకన్లు తేలనిచ్చి, తర్వాత రెజిన్‌లో పోసి, రంధ్రం సరిగ్గా మధ్యకి వచ్చేదాకా రుద్దు. మధ్య దాటినా, మధ్యకి రాకపోయినా గోడ మందం ఉన్నదానికంటే ఎక్కువగా కనపడి మోసం చేస్తుంది. పాలిష్‌లో రాగి సాగి గీతల్ని కప్పేస్తుంది, కాబట్టి తేలిగ్గా ఎచ్ చెయ్యి (రసాయనంతో పైపొర కొద్దిగా కరిగించు). మరీ ఎక్కువ ఎచ్ చేస్తే లేని గీత ఉన్నట్టు కనపడుతుంది. ఎచ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడటం అలవాటు చేసుకో. మధ్యలో మందం కొలువు, మూలల్లో పగుళ్ళు వెతుకు, లోపలి పొర రాగి అంచు మేకు తలలా వెడల్పయిందేమో చూడు. అలా ఉంటే బిట్ మొద్దుబారిందని రాగే చెప్తున్నట్టు.

ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేది, ట్యాంకు దగ్గర ఎగ్జాస్ట్ ఆగిపోతే ఆ క్షణమే బయటికి వచ్చెయ్యి, ప్యానెల్స్ పోతే పోనీ. ఆమ్లాన్ని నీళ్ళలో పొయ్యి, నీళ్ళని ఆమ్లంలో కాదు. పర్మాంగనేట్ దగ్గర గుడ్డపేలికలు, నూనె ఉంచకు, నిప్పు పుడుతుంది. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని తిరిగేవాళ్ళని చూసి నువ్వు నేర్చుకోకు.

నువ్వు చేసిన మొదటి సెక్షన్ బాగా రాదు. పర్వాలేదు, గీతలు పడ్డా సరే నాకు పంపు. ఎచ్‌కి ముందుదీ తర్వాతదీ రెండూ, ఏ మాగ్నిఫికేషన్‌లో తీశావో రాసి పంపు. ఆ ప్యానెల్ ఏ డ్రిల్ మెషిన్ మీద నడిచిందో, ఆ బిట్ అప్పటికి ఎన్ని రంధ్రాలు వేసిందో కూడా కింద రాయి. అది లేకుండా ఫోటో వస్తే నేను తెరవను.

నీ పెదనాన్న