చెరువు నీళ్లపై పచ్చని తెట్టు... మరిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా దగ్గరి చెరువు నీళ్లు పెయింట్ కలిపినట్టు చిక్కగా పచ్చబడ్డాయి. అందులో ఈతకొట్టిన మా ఎనిమిదేళ్ల బాబుకు మర్నాడు దద్దుర్లు వచ్చాయి, రెండుసార్లు వాంతులయ్యాయి. ఇప్పుడు తగ్గాయి. పరీక్షలు చేయించాలా? ఆ నీళ్లు మరిగించి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మరిగించినా వాడకండమ్మా. మీ వర్ణనను బట్టి అది సయనోబ్యాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. వీటిలో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. మరిగిస్తే నాచు చస్తుంది గానీ విషం పోదు. పైగా కణాలు పగిలి లోపలి విషం నీళ్లలో కలుస్తుంది, ఆవిరయ్యేకొద్దీ గాఢత పెరుగుతుంది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నాచు వల్ల అమెరికాలోని టొలీడో నగరంలో కుళాయి నీళ్లు తాగొద్దని, మరిగించొద్దని అధికారులు చెప్పింది ఇందుకే.

ఇక బాబు సంగతి. విషం ఏ దారిలో ఒంట్లోకి వెళ్లిందన్నది ముఖ్యం. చర్మానికి తగిలితే సాధారణంగా దురద, దద్దుర్లతో పోతుంది. మింగితే వాంతులు, విరేచనాలు, ఎక్కువైతే కాలేయానికి దెబ్బ. నేరుగా రక్తంలోకి వెళితే ప్రాణాంతకం: 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఇలాంటి నీళ్లతో డయాలసిస్ జరిగి 50 మందికి పైగా చనిపోయారు. మీవాడికి అంత భయం అక్కర్లేదు. అయినా ఈతలో పిల్లలు నీళ్లు మింగకుండా ఉండరు కాబట్టి, ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, చెరువు సంగతి తప్పక చెప్పండి. అవసరమనిపిస్తే కాలేయ పరీక్ష రాస్తారు. దీనికి విరుగుడు మందు లేదు, యాంటీబయాటిక్స్ ఈ విషంపై పనిచేయవు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మగతగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పొలాల ఎరువుల నుంచి, మురుగు నుంచి వచ్చే భాస్వరం, నత్రజనే ఈ నాచుకు తిండి. ఎండకు వేడెక్కి కదలకుండా నిలిచిన నీళ్లలో అది విజృంభిస్తుంది. ప్రతి పచ్చ తెట్టూ విషపూరితం కాదు. కానీ కంటితో చూసి తేల్చలేం. ఒకే రకం నాచు ఎప్పుడు విషం తయారుచేస్తుందో, ఎప్పుడు చేయదో శాస్త్రవేత్తలు ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. నీటి పరీక్ష చేయించమని స్థానిక అధికారులను అడగండి. అప్పటిదాకా పశువులను, కుక్కలను కూడా అటు పోనివ్వకండి. తెట్టు అంటిన ఒళ్లు నాక్కుని కుక్కలు చనిపోయిన ఉదాహరణలున్నాయి. ఎవరైనా మైలుతుత్తం చల్లి చెరువు బాగుచేద్దామంటే ఒప్పుకోకండి: నాచు ఒక్కసారిగా చచ్చి, లోపలున్న విషమంతా నీళ్లలోకి వదులుతుంది.