చుక్కలు లెక్కపెట్టి రాయి

అమ్మాయీ,

నువ్వు పంపిన 40 ఫొటోలూ, వాటి కింద రాసిన వాక్యాలూ రెండుసార్లు చూశాను. అరటాకు ఈనెలు, మెట్ల మీద కటకటాల నీడ, కిరాణా కొట్టు ముందు పేర్చిన కూల్‌డ్రింక్ కేసులు, మీ అమ్మమ్మ చీర. నీకు చూసే కన్ను ఉంది. ముందు ఆ మాట చెప్పాకే మిగతావి. నీ వాక్యాల్లో సగానికి పైగా "ఎంత అందమైన ప్యాటర్నో" అన్న దగ్గరే ఆగిపోయాయి. అందంగా ఉందని ఫొటో ఎలాగూ చెబుతోంది. అది అలా ఎందుకు వచ్చిందో ఫొటో చెప్పలేదు. అక్కడే మన పని మొదలవుతుంది.

ఏడో ఫొటోలో ముగ్గు చూడు. గుమ్మంలో నిలబడి తీసినట్టున్నావు, నీకు దగ్గరున్న వైపు పెద్దదై, అవతలి వైపు ముడుచుకుపోయింది. ముగ్గును మేడ మీంచో, స్టూలెక్కో, ఫోన్ నేలకు సమంగా పట్టుకుని తియ్యాలి. అప్పుడే చుక్కల మధ్య దూరాలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. తర్వాత కిందికి దిగి, నేల మీద కూర్చుని ఇంకొకటి తియ్యి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళ పిండి గీత పక్కన సన్నటి నీడ ఉంటుంది. వేళ్ల మధ్య నుంచి పిండి ఎక్కడ ధారగా జారిందో, మెలిక తిప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ ఒక్క క్షణం ఆగిందో ఆ నీడ చూపిస్తుంది. ఎండ నడినెత్తికొచ్చాక తీస్తే తెల్లగీత తప్ప ఏమీ మిగలదు.

ఇక లెక్క. వేసినవాళ్లను అడిగితే "15 చుక్కలు, సందు చుక్క, 8 దాకా" అంటారు. అంటే మధ్య వరసలో 15, దానికి పైనా కిందా సందుల్లో 14, ఆపైన 13, అలా 8 వరకూ. మొత్తం 169 చుక్కలు. చుట్టూ గీత గీస్తే ఆరు పక్కలు వస్తాయి. లోపలున్న ప్రతి చుక్కకూ చుట్టూ ఆరు చుక్కలు, దాదాపు ఒకే దూరంలో. తేనెపట్టు గదుల అమరికా ఇదే. చోటును సమాన గదులుగా విడగొట్టాలంటే అతి తక్కువ గోడ పట్టేది ఈ ఆరు పక్కల అమరికకే. ఎప్పటినుంచో అందరూ అనుకుంటున్న ఈ మాటకు పూర్తి రుజువు 1999లో గాని రాలేదు, థామస్ హేల్స్ అనే గణితవేత్త ఇచ్చాడు. నీ ఏడో ఫొటో కింద ఇదంతా ఎక్కించమని కాదు. ఇది తెలిసిన మనిషి రాసే ఒక్క వాక్యం వేరుగా ఉంటుంది, అంతే.

నేనూ ఒకప్పుడు లెక్కపెట్టకుండా రాశాను. పొద్దుతిరుగుడు చేలో ఒక పువ్వును పక్కనుంచి, వెలుగు బాగా పడేలా తీసుకుని, గింజలు సుడులు తిరిగి ఉంటాయని ఒక వ్యాసం రాసేశాను. చదివిన ఒకాయన ఉత్తరం రాశాడు: "ఎటువైపు ఎన్ని సుడులండీ?" నా ఫొటోలో పువ్వు సగమే ఉంది. మళ్లీ ఆ చేనుకు వెళ్లేసరికి కోత అయిపోయింది. ఆ బాధ చాలాకాలం పోలేదు. మరుసటి పంటకు పువ్వుకు ఎదురుగా నిలబడి, నడిమి బొడ్డు సరిగ్గా ఫ్రేము మధ్యలోకి వచ్చేలా తీశాను. ప్రింటు వేయించి, రెండు రంగుల పెన్నులతో ఒక్కో సుడినీ గుర్తుపెట్టుకుంటూ వచ్చాను. ఒకవైపు 34, ఇంకోవైపు 55.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ అంకెలు రాసేవాళ్లకు పాతచుట్టాలు. పద్యాల ఛందస్సులో అక్షరం పలికే కాలాన్ని మాత్రల్లో కొలుస్తారు: పొట్టి అక్షరమైన లఘువుకు ఒక మాత్ర, పొడుగు అక్షరమైన గురువుకు రెండు. నాలుగు మాత్రల్ని లఘుగురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? 5. ఐదు మాత్రల్ని? 8. ఆరింటిని 13, ఏడింటిని 21. ఎనిమిదింటిని 34, తొమ్మిదింటిని 55! ప్రతి అంకే ముందున్న రెండింటి మొత్తం. ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పేరుతో ప్రపంచమంతా పిలిచే ఈ వరసను ఆయన 1202లో పుస్తకంలో పెట్టాడు. అంతకు సుమారు 50 ఏళ్ల ముందే మన దేశంలో హేమచంద్రుడనే జైన పండితుడు ఛందస్సు లెక్కల్లో చెప్పాడు, ఆయనకంటే ముందు విరహాంకుడనే ఛందశ్శాస్త్రకారుడూ చెప్పాడు. పువ్వుకు ఛందస్సు తెలియదు. నడిమి నుంచి పుట్టే ప్రతి కొత్త మొగ్గా కిందటిదానికి దాదాపు 137.5 డిగ్రీలు పక్కకు జరిగి చోటు వెతుక్కుంటుంది, ఆ ఒక్క అలవాటు నుంచే ఈ సుడులన్నీ. కాగితం, పెన్ను తీసుకుని నాలుగు మాత్రలవి ఐదూ నువ్వే రాసి చూడు. నా మాట నమ్మి వదిలెయ్యకు.

చెరువు నెర్రెల ఫొటో బాగుంది. ఒక్కటి గమనించు: ఒక నెర్రె ఇంకో నెర్రెను తాకి అక్కడే ఆగిపోతే, ఆగినది తర్వాత పగిలినది. అలా చూసుకుంటూ పోతే ఆ బురద ఏ క్రమంలో పగిలిందో చదువుకోవచ్చు.

మీ అమ్మమ్మ చీర దగ్గర మాత్రం నువ్వు పొరపడ్డావు. "అంచుల్లో రంగు కొంచెం చెదిరింది, అయినా అందమే" అని రాశావు. అమ్మా, అది పోచంపల్లి చీర. అక్కడ నేశాక రంగు వెయ్యరు. నూలు పోగుల్ని ముందే లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతుంది, అందుకే పువ్వు అంచు అలా ఈకలా ఉంటుంది. చీర తిరగేసి చూడు, వెనకవైపూ బొమ్మ దాదాపు అంత స్పష్టంగానే ఉంటుంది. అద్దకం గుడ్డ అయితే వెనక వెలిసినట్టుంటుంది. నువ్వు లోపం అనుకున్నదే ఆ చీర ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యం. ఆ అంచును ఫోన్ దగ్గరగా పెట్టి మళ్లీ తియ్యి.

ఆ చీరలో కెమెరాకు దొరకనిది ఇంకొకటి ఉంది. పోగులు కట్టడానికి ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ ఒక్కో చీరకు వేలసార్లు నూలును చేత్తో అటూఇటూ తిప్పాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం అనే చేనేత కార్మికుడు, తన తల్లి భుజం నొప్పి చూడలేకే ఏళ్ల తరబడి కష్టపడి ఆ పని చేసే ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర గురించి రాసేటప్పుడు ఆ భుజం గుర్తుండాలని నా కోరిక.

ఈ నెలంతా కొత్త ఫొటోలు వద్దు. ఆ 40లోంచి మూడు తీసుకో. ప్రతిదాని దగ్గరికీ మళ్లీ వెళ్లు, లెక్కపెట్టు, చేసినవాళ్లుంటే మాట్లాడు. ముగ్గు వేసినావిడను మొదటి చుక్క ఎక్కడ పెట్టిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసి, పైనుంచి తీసిన ఫొటోతో కలిపి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు