బుజ్జీ, కొండవీడు ఎక్కే ముందు ఇది చదువు

బుజ్జికి అత్త ఆశీస్సులు.

వచ్చే ఆదివారం నువ్వు ఒక్కదానివే కొండవీడు ఎక్కబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఘాట్ రోడ్డు మీద స్కూటీతో కాదట, పాత మెట్లదారిన నడిచేనట. మీ నాన్న రెండు రోజులుగా నీతో సరిగ్గా మాట్లాడటం లేదని కూడా చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకపక్క భయం, ఒకపక్క మా ఇంటి పిల్ల ఇంత ధైర్యంగా బయల్దేరుతోందన్న సంతోషం. వెళ్ళొద్దని రాయడం లేదు. వెళ్ళు. కానీ ఇది చివరిదాకా చదివి వెళ్ళు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నీళ్ళు రెండు లీటర్లకి తగ్గకుండా పట్టుకెళ్ళు. కాలికి పట్టే పాత షూస్ వేసుకో, కొత్తవి వద్దు. టోపీ, నిండు చేతుల చొక్కా, రెండు వేరుశనగ అచ్చులు. తినేవి చేతిలో కవరులో పట్టుకోకు, కోతులు మీదకొస్తాయి. పైన చెరువుల్లో నీళ్ళు చూడటానికే, తాగడానికీ దిగడానికీ కాదు. విజయవాడ నుంచి తెల్లవారుజామున స్కూటీ మీద రావడం నాకు అస్సలు ఇష్టం లేదు. శనివారం రాత్రికే గుంటూరు బ్రాడీపేటకి వచ్చి మా ఇంట్లో పడుకో.

ఇక మీ నాన్న సంగతి. వాడు వద్దంటున్నాడని నీకు కోపంగా ఉంది. ఎందుకు వద్దంటున్నాడో వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు, అందుకే నేను చెబుతున్నాను.

అప్పటికి ఆ కొండకి ఘాట్ రోడ్డు లేదు. మీ నాన్న గుంటూరులో డిగ్రీ చదువుతున్నాడు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రెడ్డిరాజుల కోట కళ్ళారా చూడాలని వాడికి పిచ్చి. ఒంటరిగా వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోరని, చిలకలూరిపేటలో స్నేహితుడి ఇంటికి వెళ్తున్నానని మా అమ్మతో చెప్పి బయల్దేరాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. గోడలు, బురుజులు అన్నీ తిరిగి చూశాడు. మధ్యాహ్నం దాటాక, వచ్చిన దారినే ఏం దిగుతాంలే, ఫిరంగిపురం వైపు దిగితే అక్కడ రైలెక్కి గుంటూరు వెళ్ళిపోవచ్చు అనుకున్నాడు. పైనుంచి చూస్తే ఊళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. పక్కనే ఒక బాట కూడా కనిపించింది. అది మేకల బాట.

మేకల బాట ఎలా మోసం చేస్తుందో చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. మొదట్లో అది మనుషుల దారిలాగే నున్నగా, స్పష్టంగా ఉంటుంది, మంద అంతా ఒకే వరసలో నడుస్తుంది కాబట్టి. మేత దొరికే చోటికి రాగానే మేకలు చెదిరిపోతాయి, బాట కూడా అక్కడే చెదిరిపోతుంది. మేక ముళ్ళపొద కిందనుంచి దూరిపోతుంది, మనిషి దూరలేడు. మీ నాన్న పొదలు తప్పించుకుంటూ పోయి పోయి ఎండిపోయిన ఒక వాగులోకి దిగాడు. వాగు అయితే కిందికే పోతుంది కదా అన్నది వాడి లెక్క. పోయింది, కానీ రెండు నిలువుల లోతున రాయి నిట్టనిలువుగా తెగిపోయిన చోట ఆగింది. వెనక్కి తిరిగి ఎక్కబోతే నాచు పట్టిన రాయి మీద కాలు జారి మడమ మెలిపడింది. పొద్దు కొండ వెనక్కి పోయింది. ఆ రాత్రంతా ఆ వాగులోనే.

ఇంటి దగ్గర మేం వాడి కోసం చిలకలూరిపేటకి మనిషిని పంపాం. అసలు రాలేదని ఆ స్నేహితుడు చెప్పాడు. మా నాన్న బస్టాండు, రైల్వే స్టేషను, ఆసుపత్రి అన్నీ తిరిగారు. కొండ సంగతి ఒక్కరికీ తట్టలేదు, ఎలా తడుతుంది? మా అమ్మ తెల్లవార్లూ గడప దగ్గర నుంచి లేవలేదు. పొద్దున్నే మేకలు తోలుకొచ్చిన ఆయన ఎవరో కేక విని, వాడిని భుజం మీద వేసుకుని కిందికి దించాడు. కాలు నెలలో బాగుపడింది. కానీ మా అమ్మ ముఖం చూశాక వాడు మళ్ళీ ఏ కొండా ఎక్కలేదు. ఇప్పుడు నిన్ను వద్దంటున్నది ఆ రాత్రిని తలుచుకునే, తల్లీ. నేను చెప్పానని వాడిని నిలదీయకు.

అందుకే అడుగుతున్నాను. వెళ్ళే చోటు, ఎక్కే దారి, దిగే టైము ఇంట్లో ఒక మనిషికి నిజం చెప్పి వెళ్ళు. మీ నాన్నకి చెప్పలేకపోతే నాకు చెప్పు. ఎక్కిన దారినే దిగు, ఎంత ముచ్చటైన బాట కనిపించినా సరే. ఎక్కేటప్పుడు మలుపు మలుపుకీ ఆగి వెనక్కి చూడు, ఎందుకంటే దిగేటప్పుడు అదే దారి వేరేలా కనిపిస్తుంది. చీలిక దగ్గర ఫోటో తీసుకో. దారి తప్పానని అనుమానం వస్తే కిందికి ఒక్క అడుగు కూడా వేయకు, తెలిసిన చోటు దాకా వెనక్కి నడు. సిగ్నల్ లేని చోట ఫోన్ సిగ్నల్ వెతికి వెతికి చార్జింగ్ అంతా తాగేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. ఏదైనా జరిగితే 112.

పాముల గురించి మీ అమ్మకి మహా టెన్షన్. చలికాలం పొద్దున పూట అవి ఎండ కాగడానికి రాళ్ళ మీదకి వస్తాయి. కనబడని చోట చెయ్యి పెట్టకు, కాలు పెట్టకు, ఎత్తు రాయి దాటేటప్పుడు అవతల ఏముందో చూసి దిగు. రక్తపింజర అయితే కుక్కర్ ఆవిరిలాగా గట్టిగా బుస కొడుతుంది. వినపడితే ఉన్నచోటే ఆగి, మెల్లగా వెనక్కి జరుగు. ఖర్మ చాలక కాటు పడితే తాడు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏవీ చెయ్యొద్దు. ఆ కాలు కదపకుండా కూర్చుని 108కి చెయ్యి. నాటువైద్యం మాట ఎవరైనా ఎత్తితే వినకు, గుంటూరు పెద్దాసుపత్రికే రావాలి.

ఎవరైనా ఒక్కదానివే వచ్చావా అని అడిగితే, మా వాళ్ళు వెనక వస్తున్నారని చెప్పు. అబద్ధమైనా ఫరవాలేదు, అక్కడ ఆ అబద్ధం చెల్లుతుంది.

ఇంత చెప్పానని దిగులుతో ఎక్కకు. పైకి చేరాక ఆ గోడ దగ్గర కాసేపు కూర్చో. రెడ్డిరాజు అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఎందుకు ఇక్కడికి మార్చాడో ఆ ఎత్తు మీద నుంచి చూస్తే నీకే అర్థమవుతుంది, ఏ వైపు నుంచి ఎవరొచ్చినా కనిపిస్తారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్న కోట అది. రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయో దగ్గరగా చూడు, చెయ్యి వేసి చూడు. పండిపోయిన సీతాఫలం ఏదైనా చెట్టున మిగిలి ఉంటే నా పేరు చెప్పుకుని తిను.

పదకొండుకల్లా దిగడం మొదలుపెట్టు. కింద గేటు దగ్గర ఎక్కేటప్పుడే అడుగు, పైనుంచి జనాన్ని ఏ టైముకి దింపేస్తారో. దిగగానే నాకు ఫోన్ చేసి, తిన్నగా ఇక్కడికే భోజనానికి రా. మీ నాన్నని కూడా రమ్మన్నాను, వస్తానన్నాడు. ఒంటిగంటకి నీ ఫోన్ రాకపోతే ఇద్దరం ఆటో కట్టించుకుని కొండ కిందికి వచ్చేస్తాం, అప్పుడు కోప్పడకు.

ఇట్లు
మీ అత్త