భర్త ఆదాయానికి రుజువు లేనప్పుడు మధ్యంతర భరణం

భర్త జీతానికి కాగితం లేదని, హనుమకొండలో పుట్టింటికి చేరిన మీ కక్షిదారు మధ్యంతర భరణం (కేసు తేలేలోపు భర్త ఇవ్వాల్సిన భరణం) పిటిషన్‌ను ఆపినట్లు రాశారు. దయచేసి ఆగవద్దు. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ స్థానంలో అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, ఆమె ప్రస్తుతం ఉంటున్న చోటే దాఖలు చేయవచ్చు. రజనేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు, ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలనీ, భరణం దరఖాస్తు తేదీ నుంచే మంజూరు చేయాలనీ చెప్పింది కనుక, మీరు ఆలస్యం చేసే ప్రతి వారం భరణాన్నీ ఆమె కోల్పోతుంది. భర్త ఉద్దేశపూర్వకంగా అఫిడవిట్ ఎగవేస్తే, అతని డిఫెన్స్‌ను (ప్రతివాదనను) కొట్టివేయమని కోర్టును కోరండి. ఆమెకు బీడీలు చుట్టే సంపాదన ఉంటే, ఆమె అఫిడవిట్‌లో అదీ దాచకుండా రాయించండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి లాయర్ ప్రశ్నించేటప్పుడు) బయటపడితే మొత్తం సాక్ష్యమే బలహీనపడుతుంది. అన్నట్లు, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఆదాయ ధ్రువపత్రం కోసం ఆమెను మీసేవ చుట్టూ తిప్పకండి.